ఉత్తగనే

"ఏమే నవతా, ఉత్తగ కూసున్నవా?"

అత్త ఐలవ్వ ఆ మాట అన్నప్పుడు నవత ఒడిలో బీడీల చాట ఉంది, చాటలో తంబాకు ఉంది, ఎడమచేతిలో సగం చుట్టిన తునికాకు ఉంది. పొద్దున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, నల్లా నీళ్ళు పట్టి, అన్నం, కూర వండి, అత్తకు బీపీ గోలి ఇచ్చి, బట్టలు పిండి ఆరేసి, నానబెట్టిన ఆకు కత్తిరించుకుని అప్పుడే కూర్చున్న మనిషి. ఇదంతా ఐలవ్వ కళ్ళ ముందు జరిగిందే. కానీ ఆ ఇంట్లో లెక్క వేరు. ఆడదాని చేతులు కదులుతుంటే పని, ఆగితే ఉత్తగ, అంటే ఊరికే కూర్చున్నట్టు. మధ్యలో ఇంకేదీ లేదు.

చేతులు ఆగిన మాట నిజమే. మెట్‌పల్లిలో బీడీలు చేసే ఆడవాళ్ళకు కళ్ళు ఒకచోట, చేతులు ఒకచోట ఉంటాయి. టీవీలో కోడలు ఏడుస్తున్నా, హీరో పదిమందిని గాల్లోకి లేపుతున్నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. నవత వేళ్ళు ఆగేది ఒక్క సినిమాకే. దాని పేరు 'ఊరికే వెళ్ళొద్దాం'. ఏడాదికి రెండుసార్లు, వేరే ఏదీ దొరకని ఆదివారం మధ్యాహ్నం, ఏదో ఒక ఛానెల్ వాళ్ళు దాన్ని వేస్తారు.

"ఆగుతయ్ అత్తమ్మా ఆమె చేతులు," అంది పక్కన కూర్చుని దారం చుడుతున్న ఇంటర్ నాటి దోస్తు తిరుమల. "గిది మా సినిమా."

"మీ సినిమా, మీ నెత్తి. ఎన్నిమాట్ల జూసినా గా పోరగాండ్లు గట్లనే ఎగురుతరు. మాపటికి కార్ఖానకు బీడీలు మీ పింకీ వచ్చి కట్టిస్తదా?"

పింకీ ఆ సినిమాలో ఒక అమ్మాయి. ఐలవ్వ కూడా దాన్ని చాలాసార్లే చూసిందన్నమాట.

నిజం చెప్పుకోవాలంటే అదేం గొప్ప సినిమా కాదు. కాలేజీ పిల్లలు ఆరుగురు, ముగ్గురు ఆడ, ముగ్గురు మగ. కూల్‌డ్రింకు మూత కింద బహుమతి తగిలి విమానం ఎక్కుతారు. ఏ దేశం పోయారో సరిగా చెప్పనే చెప్పరు. ఒక నది, నది మీద వంతెనలు, రోడ్డు నడుమ పట్టాల మీద పోయే ఎర్ర బండి, బోలెడు పావురాలు. రైలు తప్పితే ఒక పాట, సంచులు పోతే ఒక పాట, వాన పడితే ఒకటి, వెలిస్తే ఇంకొకటి. విలన్ లేడు. రెండున్నర గంటల సినిమాలో ఒక్క ఆడపిల్ల కూడా పొయ్యి వెలిగించదు. వాళ్ళకు ఆకలేసినప్పుడల్లా ఎవరో ఒకరు కాగితంలో చుట్టిన తిండి చేతిలో పెడతారు. ఇంటి నుంచి ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నావని అడిగేవాళ్ళు కూడా లేరు. అంతా అబద్ధమని చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. తెలిసినా కడుపు నిండినట్టు ఉంటుంది.

అందులో నవతకు ప్రాణమైనవి రెండు చోట్లు. ఒకటి విమానం దిగిన చోట. అద్దాల గదిలో కూర్చున్న టోపీ ఆఫీసరు ఒక్కొక్కరినీ ఆపి, ఎందుకొచ్చారు మా దేశానికి అని గద్దిస్తాడు. ఒకడు చదువంటాడు, ఒకతి మేనమామ ఉన్నాడంటుంది, అందరూ సంచులు తెరిచి కాగితాలు వెతుక్కుంటారు. చివరికి పసుపుపచ్చ చొక్కా వేసుకున్న పింకీ వస్తుంది. ఆమె సంచి తెరవదు. ఆఫీసరు కళ్ళలోకి చూసి, "ఊరికే," అంటుంది. అతను ఒక్క క్షణం ఆలోచించి ఠపీమని ముద్ర కొడతాడు, పాట మొదలవుతుంది. రెండోది వంతెన మీద. ఆరుగురూ రెయిలింగు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ నదిని చూస్తారు. అప్పుడు పాట లేదు, మాట లేదు. అర నిమిషం పాటు ఏమీ జరగదు. సినిమా తీసినవాడు మరిచిపోయి వదిలేశాడేమో అన్నట్టు ఉంటుంది. ఆ అర నిమిషం కోసమే నవత ఇన్నేళ్ళుగా ఆ సినిమా చూస్తోంది.

మొదటిసారి చూసింది ఇంటర్ రెండో సంవత్సరంలో, తిరుమలతో కలిసి, క్లాసు ఎగ్గొట్టి. వారం రోజులే ఆడింది. వారంలో మూడుసార్లు చూశారు. ఆ టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయింది. తెర ఉన్నచోట పెళ్ళి స్టేజీ కట్టారు. మరిది తిరుపతి పెళ్ళి అక్కడే జరిగింది. ఆ రోజు పెద్దకోడలిగా నవత తాంబూలాల పళ్ళేలు మోస్తూ స్టేజీ వెనక నుంచి ఇరవైసార్లు అటూ ఇటూ తిరిగింది. నది ఇక్కడే పారింది కదా, వంతెన ఇక్కడే ఉండె కదా అనుకుంటూ తిరిగింది. పంతులు పసుపుకుంకాల కోసం కేకేస్తుంటే రెండుసార్లు వినపడలేదు.

తన పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివాళ్ళు మూడే మాటలు అడిగారు. పిల్ల ఏం చదివింది, బీడీలు చేయవస్తదా, కార్డు ఉన్నదా. పని, పీఎఫ్ ఖాయం చేసే బీడీ కంపెనీ కార్డు ఉన్న పిల్ల అంటే ఆ వైపు మంచి సంబంధం. నవత పదేళ్ళప్పుడే తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది. కార్డు కూడా ఉంది. ఆమె అడగాలనుకున్నది ఒకటి ఉంది. పిల్లగాడు గల్ఫ్ పోయే ఆలోచనలో ఉన్నాడని విన్నది నిజమేనా అని. నిజమేనని తెలిసి లోలోపల మురిసిపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు గల్ఫ్ అంటే విమానం, విమానం అంటే పసుపుపచ్చ చొక్కా. ఆ తెలివితక్కువతనానికి ఇప్పుడు నవతే నవ్వుకుంటుంది.

లక్ష్మణ్ దుబాయి పోయి పదిహేడేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలల సుట్టీ మీద వస్తాడు. పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ జీపు కట్టుకుని హైదరాబాద్ దాకా సాగనంపుతారు. తాళ్ళతో బిగించి కట్టి, పేరు రాసిన పెట్టెను తోసుకుంటూ అతను అద్దాల తలుపు లోపలికి పోతాడు. నవత ఇవతల నిలబడుతుంది. ఎనిమిదిసార్లు నిలబడింది. మొగుడు కనుమరుగయ్యాక కూడా ఆమె అక్కడే చూస్తుంటే, పాపం మొగని మీద ఎంత పావురమో అనుకుంటారు చుట్టాలు. ఆ ప్రేమ లేదని కాదు. కానీ ఆమె అప్పుడు చూసేది సంచులు భుజాన వేసుకుని నవ్వుతూ లోపలికి పోయే ఆడపిల్లలను.

ఒకసారి లక్ష్మణ్ సుట్టీలో ఉండగానే ఆ సినిమా వచ్చింది. వంతెన దగ్గర అతను పకపకా నవ్వాడు.

"గట్ల వంతెనెక్కి కూసుంటే పోలీసోడు ఫైన్ ఏస్తడు. నేను ఇన్నేండ్లల్ల సముద్రం రెండుమాట్ల జూసిన. పని లేకుంట ఎవడన్న పరాయి దేశం పోతడా?"

నవతకు నిజంగానే జాలేసింది. రెండుసార్లేనా అనుకుంది. "మరి ఒక్కమాటు ఇద్దరం కలిసి సూసొద్దాం," అంది. "నేను సుత వస్త."

"పిచ్చి లేసిందా నీకు? రూంల పదిమందిమి ఉంటం. అయినా ఇంట్ల అవ్వను ఎవలు జూస్తరు, పిల్లను ఎవలు జూస్తరు?"

పిల్ల రిషిత ఇప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అవ్వను, అంటే అత్తను, ఎవరు చూస్తారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. అవసరం తమదైతే ఎంత పెద్ద ప్రశ్నైనా ఎట్లా ఎగిరిపోతుందో నవతకు మొన్న ఎండాకాలంలో తెలిసింది.

తిరుపతి షార్జాలో సూపర్‌వైజర్. భార్య అలేఖ్యను తీసుకుపోయి రెండేళ్ళయింది. ఆమెకు ఇది తొలిసూలు. తొలికాన్పు తల్లిగారింట్లో కావాలి, కానీ డాక్టరు విమానం ఎక్కవద్దన్నాడు. అలేఖ్య తల్లికి మోకాళ్ళ ఆపరేషన్ అయి మంచంలో ఉంది. ఒకనాడు సాయంత్రం ఫోన్లో నాలుగు ముఖాలు కనపడ్డాయి. దుబాయి నుంచి లక్ష్మణ్, షార్జా నుంచి తిరుపతీ అలేఖ్యా, ఇక్కడ ఐలవ్వ.

"వదినె, మూడు నెలలు నువ్వు రావాలె," అన్నాడు తిరుపతి. "బాలింతకు నీళ్ళు పోసుడు, పసిగుడ్డును జూసుడు నీ అంత మంచిగ ఎవలకు తెల్సు?"

"నాకు ఫికర్ లేదు, నేను నా బిడ్డ దగ్గర ఉంట చెన్నూరుల," అంది ఐలవ్వ.

"ఇగ నీ మోజు తీరుతదే," అన్నాడు లక్ష్మణ్. "ఇమానం ఎక్కుతవ్."

పదిహేడేళ్ళుగా కదలని కొండ మూడు నిమిషాల్లో పక్కకు జరిగింది. నవతకు కోపం రావలసింది. రాలేదు.  అందరి మాటలూ అయ్యేదాకా ఆగి, "నాదొక్క మాట," అంది. "మూడు నెలల్ల ఒక్క దినం నాకు సుట్టి ఇయ్యాలె. పొద్దున పోయి మాపటికల్ల వస్త."

"యాడికి?" అన్నాడు లక్ష్మణ్.

"యాడికని గాదు. ఉత్తగనే."

 అందరూ నవ్వారు. "బాలింతకు నీళ్ళు పొయ్యనీకి రమ్మంటే షూటింగ్‌కు పోత అంటున్నది," అన్నాడు లక్ష్మణ్. "సూద్దాం తియ్యి వదినె," అన్నాడు తిరుపతి. సూద్దాం అంటే ఆ ఇంట్లో కుదరదని అర్థం. అలేఖ్య ఒక్కతే నవ్వలేదు, పాపం ఆమెకు నడుము నొప్పి. నవత ఒప్పుకుంది. రోజంతా లేకపోతే ఏం, పిల్లను ఎత్తుకుని కిటికీలోంచైనా చూడొచ్చు కదా అనుకుంది. ఇరవై ఏళ్ళలో ఆశ కూడా ఉతికి ఉతికి పొట్టిదైపోతుందేమో.

పాస్‌పోర్టుకు రిషిత హాస్టల్ నుంచే ఆన్‌లైన్లో పెట్టింది. కరీంనగర్ పోవలసిన రోజు వచ్చింది. ఒక రోజు పని పోతుంది కాబట్టి, ముందటి రోజు రెండు రోజుల బీడీలు చేసి పెట్టి పొమ్మంది ఐలవ్వ. చేసింది. చేశాక చేతులు చూసుకుంది. బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళు తంబాకు పసరుతో ఎప్పటిలాగే గోధుమరంగులో ఉన్నాయి. ఆఫీసులో చదువుకున్నవాళ్ళ ముందు ఈ చేతులు బల్ల మీద పెట్టాలా అని సిగ్గేసింది. నిమ్మచెక్క తెచ్చింది. ఇటుకపొడి తెచ్చింది. పెరట్లో కూర్చుని చిన్నప్పుడు ఇత్తడి బిందె తోమినట్టు పది వేళ్ళూ మంట పుట్టేదాకా తోమింది. మరక సగం పోయింది, తోలు ఎర్రబడింది. ఫరవాలేదు అనుకుంది.

బస్సులో కిటికీ పక్కన తోడుగా వచ్చిన ఐలవ్వ కూర్చుంది, ఆమెకు వాంతులు. నవత ఎప్పుడూ ఇవతలే. పెళ్ళయిన కొత్తలో గాలి కావాలని లక్ష్మణ్ అక్కడ కూర్చునేవాడు, తర్వాత ఏడుస్తుందని పిల్లను కూర్చోబెట్టేది, ఇప్పుడు అత్త. మెట్‌పల్లి నుంచి కరీంనగర్ దాకా దారి పొడవునా ఏమేం ఉంటాయో అడిగితే నవత ముందు సీట్ల వెనక రాసిన మాటలు చెప్పగలదు.

పాస్‌పోర్టు ఆఫీసులో కౌంటర్ దగ్గర నడివయసు మేడం ఉంది. నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టమంది. పెట్టింది. గట్టిగా నొక్కమంది. నొక్కింది. తుడిచి మళ్ళీ పెట్టమంది. కంప్యూటర్లో మేడం చూస్తున్న బొమ్మ నవతకూ కనపడుతోంది. చిటికెన వేలి దగ్గర సన్నటి గీతలు ఉన్నాయి. మిగతాచోట తెల్లగా, గీత లేదు, గాటు లేదు. రేషన్ దుకాణంలో కూడా వేలు పడదు, కానీ అక్కడ కన్ను చూపిస్తే బియ్యం ఇస్తారు.

మేడం ఆమె చేయి పట్టుకుని వెల్లకిలా తిప్పి చూసింది. "బీడీలు చేస్తరా అమ్మా?"

ఆ ఒక్క ప్రశ్న రాకూడదనే కదా అంత తోమింది. "మరక పోవాలని రాత్రి ఇటుకపొడి పెట్టి రుద్దిన మేడం."

"మరకను మిషన్ ఏమనదమ్మా. గీతలుంటే చాలు దానికి. ఉన్న రెండూ రుద్ది తీసేసిన్రు." మేడం విసుక్కోలేదు. "మా అమ్మ గూడ బీడీలే చేసింది, అందుకే తెల్సు. పదిహేను ఇరవై రోజులు ఆకు ముట్టకండి. కొబ్బరినూనె రాయండి. గీతలు వాటంతట అవే వస్తయ్. కట్టిన ఫీజు ఏడాది దాకా చెల్లుతది, మళ్ళ రండి."

తిరుగు ప్రయాణంలో ఐలవ్వ బస్సంతటికీ వినపడేలా చెప్పుకుంటూ వచ్చింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యలేదన్నట్టు, మొగడు పొమ్మన్నా మిషన్ పోనియ్యలే."

ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్లో నాలుగు ముఖాలు. ఇరవై రోజులు ఆగాలంటే కాన్పు దగ్గరపడుతుందన్నాడు తిరుపతి. ఇరవై రోజులు బీడీలు బంద్ పెడితే కార్డు కట్ అవుతుందంది ఐలవ్వ. అంతలో అలేఖ్య అంది, "అక్కా, ఏమనుకోకు. మా అవ్వ ఇప్పుడు నడుస్తున్నదట. ఆమెకు పాస్‌పోర్టు పాతదే ఉన్నది." అయిదు నిమిషాల్లో తేలిపోయింది. అలేఖ్య తల్లికి టికెట్ చేద్దామన్నారు, తేదీ చూశారు, పచ్చళ్ళు ఏం పంపాలో మాట్లాడుకున్నారు. పచ్చళ్ళు పెట్టేది నవతే.

చివర్లో లక్ష్మణ్‌కు ఆమె గుర్తొచ్చింది. ఓదార్పుగానే అన్నాడు. "మంచిగైంది తియ్యి. ఇగ నీకు గా పాస్‌పోర్టు పనే లేదు. మల్ల కరీంనగర్ తిరుగుడు తప్పింది."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. కానీ నవతను గుచ్చింది అది కాదు. పాస్‌పోర్టు పనే లేదన్న మాట. పెరట్లోకి పోయి మర్నాటి ఆకు నీళ్ళలో నానేస్తూ ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వాళ్ళకు పని పడితే తనకు పాస్‌పోర్టు కావాలి. వాళ్ళ పని తీరితే తనకు అక్కర్లేదు. నడుమ తను ఎక్కడుంది? ఏడుపొచ్చింది. ఎవరి మీదనో కోపంతో కాదు, గుండెల్లో పెట్టుకున్న ఒక చిన్న వస్తువును ఎవరో తుడిచి అలమారలో పెట్టేసి, జాగ్రత్తగా పెట్టాం లెమ్మన్నట్టు అనిపించి. నీళ్ళలో చేతులు పెట్టుకునే ఏడ్చింది. అప్పుడు వేళ్ళు కనపడ్డాయి. ఎర్రగా, నున్నగా, ఎవరివో అన్నట్టు. ఈ వేళ్ళ మీద గీతలు ఉండేవి కదా, పుట్టినప్పుడు దేవుడో ఎవరో ప్రతి మనిషికీ వేరుగా గీసి పంపుతారట కదా. అవి ఎక్కడికి పోయాయి? కొంచెం కొంచెంగా బీడీలకు అంటుకుని పోయి ఉంటాయి. తను పేరు కూడా వినని ఊళ్ళలో, ఎవరెవరో మగవాళ్ళు తన వేలిగీతలు వెలిగించుకుని పీల్చి, బూడిద రాల్చి, కాలి కింద నలిపేసి ఉంటారు. తన వేళ్ళు తనకన్నా ముందే దేశాలు తిరిగొచ్చాయి. తను మాత్రం ఈ నీళ్ళతొట్టి దగ్గరే ఉంది. ఆ ఆలోచనకు ఏడుస్తూనే కొంచెం నవ్వింది.

తెల్లారి వాకిలి ఊడ్చింది, వండింది, ఉతికింది. నానిన ఆకును మూటగట్టి తిరుమల ఇంట్లో ఇచ్చి వచ్చింది. చాట దులిపి, గోడకున్న మేకుకు తగిలించింది. వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని అరుగు మీద కూర్చుంది.

"ఏందే గిది?" అంది ఐలవ్వ.

"బీడీలు చేస్తలేను అత్తా. ఇరువై దినాలు. వేళ్ళకు గీతలు రావాలె."

"పోయేది లేదంటిరి గదా నిన్న?"

"షార్జా పోయేది లేదు. గీతలు నావి."

"కార్డు?"

"నా కార్డు మీద తిరుమల చేసి కట్టిస్తది. మాట్లాడిన."

ఐలవ్వ అరిచింది. అరుగు మీద నిలబడి అరిచింది, వాడంతా వింది. మూడో రోజుకు దుబాయి కూడా వింది. లక్ష్మణ్ ఫోన్ చేసి, "బీడీలు బంద్ వెట్టినవట?" అన్నాడు.

"సుట్టి తీసుకున్న."

"సుట్టా? ఇంట్ల ఉండేటోళ్ళకు సుట్టి ఏంది?"

"నీకు రెండేండ్లకోసారి ఇస్తరు గదా. నాకు ఇరువై ఏండ్లకు ఇరువై దినాలు. అడిగితే ఎవలు ఇయ్యలే, నేనే తీసుకున్న."

 అతని వెనక పదిమంది మగవాళ్ళ గదిలో ఎవరో కుక్కర్ మూత తీస్తున్న చప్పుడు వినిపించింది. "నాకేం సమజ్ అయితలేదు నీ ముచ్చట," అన్నాడు లక్ష్మణ్. గొంతులో కోపం కన్నా పరేషానే ఎక్కువ ఉంది. నవతకు అతని మీద ప్రేమ కలిగింది. అయినా చాట మేకు మీదనే ఉంది.

చేతులు ఖాళీగా ఉండడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసింది. మొదటి వారం కూర్చున్నచోటే వేళ్ళు వాటంతట అవే గాలిని చుట్టేవి. రెండో వారానికి ఊరుకున్నాయి. అప్పుడు ఎదురింటి మీది నుంచి మధ్యాహ్నం ఎండ ఎట్లా జరుగుతుందో కనపడింది. పెళ్ళయినప్పటి నుంచి ఉన్న ఇల్లే, అది ఎప్పుడూ చూడలేదు. తిరుమల పక్కన కూర్చుని రెండు కార్డుల బీడీలు చేస్తూ, "ఎవలతోని పోతవే?" అని అడిగింది. తెల్వదంది. "యాడికి?" తెల్వదంది. "సరే పోయినంక గా ఎర్ర బండి ఫోటో పెట్టు," అంది తిరుమల, ఆకు మీద నుంచి తల ఎత్తకుండా. నాకు గీతలు వచ్చినంక నీకు కూడా ఇరవై దినాలు సుట్టి, అప్పుడు నీ కార్డు మీద నేను చేస్తానంది నవత. తిరుమల చేతులు ఒక్క క్షణం ఆగాయి.

రోజూ పొద్దున జొన్నపిండి పళ్ళెంలో చల్లి, బొటనవేలు అద్ది చూసుకునేది. మొదట్లో నున్నటి గుంట పడేది. తొమ్మిదో రోజు పక్కన ఒక గీత. పదమూడో రోజుకు నాలుగు. పదిహేడో రోజు పిండిలో గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటి సుళ్ళు తిరిగి పడ్డాయి. నవత ఆ పిండి కలపలేదు. పళ్ళెం అట్లాగే గూట్లో పెట్టి రొట్టెలకు వేరే పిండి తీసుకుంది. స్నానం చేసి వచ్చేసరికి ఐలవ్వ గూటి దగ్గర నిలబడి ఉంది. పళ్ళెంలో నవత గుర్తు పక్కన ఇంకొక గుంట ఉంది, గీత లేకుండా, బఠానీ గింజ అద్దినట్టు.

"నావి గూడ వస్తయా పిల్లా?" అంది ఐలవ్వ వేలు చీరకొంగుకు తుడుచుకుంటూ. "యాభై ఏండ్లాయె."

"వస్తయ్ అత్తా. నూనె రాయనా?"

"ఎందుకే ఉత్తగ," అంది ముసలామె. కానీ చేయి ముందుకు చాపింది.

ఇరవై మూడో రోజున రిషిత మళ్ళీ టైం బుక్ చేసింది. నవత ఒక్కతే బస్టాండుకు పోయింది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా బస్సు ఉచితం చేసినప్పటి నుంచి బస్సు ఆగకముందే జనం మీద పడతారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు కిటికీల్లోంచి దస్తీలు, టవళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. నవత జీవితంలో మొదటిసారి తన దస్తీ కిటికీ పక్క సీటు మీద పడేలా విసిరింది. ఎక్కి చూస్తే ఒక పెద్దమనిషి దాన్ని పక్కకు జరిపి కూర్చోబోతున్నాడు. "జర గిటు కూసో బిడ్డా, నాకు గాలి కావాలె," అన్నాడు. "నాకు గూడ కావాలె పెద్దయ్యా," అంది నవత మెల్లగా. ఆయన ఆశ్చర్యంగా చూసి ఇవతల కూర్చున్నాడు. దారి పొడవునా పసుపు చేలు, ఒక వాగు, వాగు మీద చిన్న వంతెన. వంతెన మీద ఎవరూ కూర్చోలేదు. అయినా మెడ తిప్పి కనపడినంత సేపూ చూసింది.

కౌంటర్ దగ్గర అదే మేడం. గుర్తుపట్టి నవ్వింది. నవత నాలుగు వేళ్ళూ అద్దం మీద పెట్టింది. గట్టిగా నొక్కలేదు, ఉత్తగానే పెట్టింది. లోపల పచ్చటి వెలుతురు పాకింది. కంప్యూటర్ మీద నాలుగు గుండ్రటి సుళ్ళు నిండుగా పడ్డాయి. ఆ చేయి, ఈ చేయి, రెండు బొటనవేళ్ళు. పదీ పడ్డాయి. చేతులు బల్ల మీద నుంచి తీయబుద్ధి కాలేదు. గోళ్ళ అంచున ఇంకా కొంచెం మరక ఉంది. దాచుకోలేదు.

"ఆకు ముట్టలేదన్నమాట," అంది మేడం కాగితాలు సర్దుతూ. "ఎవరి దగ్గరికి పోతున్నరమ్మా? దుబాయిల మీ ఆయన దగ్గరికా? ఎవరిదన్న పురుడా?"

వెతుక్కోవడానికి నవత సంచిలో కాగితాలేమీ లేవు. ఆమె మేడం కళ్ళలోకి చూసింది.

"ఎవల దగ్గరికీ గాదు మేడం," అంది. "ఉత్తగనే."